సంతకం పెట్టేముందు చదవండి: అధ్యాపకుడు, రీసెర్చ్ గైడ్

(కొత్తగా చేరిన విశ్వవిద్యాలయ అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో ఒక విశ్రాంత స్టాటిస్టిక్స్ ఆచార్యుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. భోజనం తర్వాతి క్లాసు నాకిచ్చారు. నాకిది కొత్తేమీ కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టైమ్‌టేబుల్ వేసేవాళ్ళు మధ్యాహ్నం రెండు గంటల పీరియడ్ నాకే వేసేవాళ్ళు. ఎవరికైనా నిద్రొస్తే పడుకోండి, నేనేమీ అనుకోను. గురక మాత్రం పెట్టకండి, పక్కవాళ్ళు వింటుంటారు.

మీలో చాలామందికి ఈ మధ్యే ఆర్డర్లు వచ్చాయి. సంతోషం. ఆర్డర్ చేతికి రాగానే ముందు ఏం చూశారు? బేసిక్ పే చూశారు. చూడాలి కూడా. తర్వాత ఏ ఊళ్ళో పోస్టింగో చూశారు. పని ఎంతో చూసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. అసోసియేట్, ప్రొఫెసర్ అయితే 14 గంటలు. మొత్తం మీద వారానికి 40 గంటలకు తగ్గకుండా పని. మరి 40లో 16 తీసేస్తే మిగిలిన 24 గంటలు ఎక్కడికి పోతాయి? నాకు ఈ లెక్క చాలా ఇష్టం. ఎవరిని అడిగినా నవ్వుతారు తప్ప సమాధానం చెప్పరు.

ఇక రెండో పని. మీకు పీహెచ్‌డీ ఉండి, పీర్ రివ్యూ అయ్యే, అంటే తోటి పండితులు చూసి సరేనన్నాకే అచ్చువేసే జర్నల్స్‌లో కనీసం మూడు పేపర్లుంటే స్కాలర్లకు, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్ళకు, గైడ్ కావచ్చు. 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ రెగ్యులేషన్స్ చెప్పేది అది. అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర ఒక సమయంలో నలుగురు స్కాలర్లు, అసోసియేట్ దగ్గర ఆరుగురు, ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది. అంతకు మించకూడదు. మీ పిల్లలు ఎల్‌కేజీలో ఉండగానే మీ దగ్గర నలుగురు పెద్దపిల్లలు చేరతారన్నమాట. వాళ్ళలో ఒకరిద్దరు మీకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా కావచ్చు. పార్ట్‌టైమ్ రిజిస్ట్రేషన్లో జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ వచ్చి మీ ముందు నిలబడి "నమస్తే సార్" అంటాడు. అప్పుడు ఇబ్బంది పడకండి. కూర్చోమనండి.

ఈ రెండు పనులకీ మనకు మార్కులుంటాయి. ప్రమోషన్ దరఖాస్తులో పాఠాల వరుస ఒకటి ఉంటుంది: వెయ్యాల్సిన క్లాసుల్లో 80 శాతం చెప్తే "గుడ్". స్కాలర్ థీసిస్ సమర్పిస్తే మీకు 5 పాయింట్లు, డిగ్రీ వస్తే 10. బాగుంది. ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ థీసిస్ మీరు చదివినందుకు ఎన్ని పాయింట్లు? దరఖాస్తులో ఆ గడి ఎక్కడుంది? లేదు. నేను వెతికాను, లేదు. మీ స్కాలర్ మూడో అధ్యాయం మీరు నాలుగు సార్లు చదివి, నాలుగు సార్లు వెనక్కిచ్చి, అయిదోసారికి అది మనుషులు చదివేట్టుగా తయారైతే, ఆ పనికి సున్నా. చదవకుండా సంతకం పెట్టినా అదే 10 పాయింట్లు. ఈ గంటలో నేను చెప్పదలచుకున్నది ఈ సున్నా పాయింట్ల పని గురించే. చదవడం గురించే.

అయితే అక్కడికి నేరుగా పోను. ముందు క్లాసు గురించి మాట్లాడాలి. ఎందుకంటే క్లాసు చెప్పడం చేతకానివాడు మంచి గైడ్ అయిన దాఖలా నాకు తెలిసి చాలా తక్కువ.

నాది స్టాటిస్టిక్స్ కాబట్టి మా ఇంటి కథ చెప్తాను. సి.ఆర్. రావు గారి పేరు విననివాళ్ళు ఈ హాల్లో ఉండరనుకుంటా. ఉంటే ఇవాళ వినండి. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదివిన మన పిల్లాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, కలకత్తా వెళ్ళి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1944లో కలకత్తా యూనివర్సిటీలో ఎం.ఏ. వాళ్ళకు ఎస్టిమేషన్ పాఠం చెప్తున్నాడు. వయసెంత? ఇరవై మూడు ఇరవై నాలుగు. మీలో అందరికన్నా చిన్న. ఇంకా పీహెచ్‌డీ కూడా లేదు. ఇప్పుడైతే ఇంటర్వ్యూకి పిలవడమే కష్టం.

ఆ రోజు పాఠం ఇంగ్లండు స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ చెప్పిన ఒక ఫలితం గురించి. ఇతర శాఖలవాళ్ళు భయపడకండి, ఫార్ములా రాయను. మనం డేటా నుంచి ఏదైనా ఒక సంఖ్యను అంచనా వేస్తాం. ఎంత తెలివిగా అంచనా వేసినా కొంత తప్పు ఉంటుంది. ఆ తప్పు ఇంతకంటే తగ్గదు అని ఒక హద్దు ఉంటుందా? ఉంటుంది, శాంపిల్ చాలా చాలా పెద్దదైతే, అన్నది ఫిషర్ మాట. క్లాసులో ఒక విద్యార్థి లేచి అడిగాడు: శాంపిల్ చిన్నదైతే? అప్పుడు కూడా అలాంటి హద్దు చూపించగలమా? అడిగింది వి.ఎం. దాండేకర్. ఆ తర్వాత మన దేశంలో పేదరికం లెక్కలు వేసి పేరు తెచ్చుకున్న ఆర్థికవేత్త, ఆయనే. ఎకనామిక్స్ వాళ్ళు తలూపుతున్నారు, మంచిది.

మీరైతే ఏమంటారు? నిజం చెప్పండి. "సిలబస్‌లో లేదు." "నెక్స్ట్ సెమిస్టర్లో వస్తుంది." "నువ్వు ముందు ఇది అర్థం చేసుకో." నేను చాలా క్లాసుల బయట నిలబడి ఈ మూడు వాక్యాలూ విన్నాను. రావు గారు ఆ రాత్రి కూర్చుని లెక్క కట్టి, మర్నాడు క్లాసులో బోర్డు మీద చూపించాడు. చిన్న శాంపిల్‌కీ హద్దు ఉంది. 1945లో కలకత్తా మాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. ఇవాళ ప్రపంచంలో ఏ మూల స్టాటిస్టిక్స్ చదివినా క్రామెర్-రావు ఇనీక్వాలిటీ పేరుతో చదువుతారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చినప్పుడు ముందుగా చెప్పుకున్న పేపరు అదే.

ఈ కథని నేను ఎందుకు ఇంత సేపు చెప్తున్నాను? రావు గారు మేధావి, నిజమే, మనమంతా రావు గార్లం కాలేం. అది కాదు నేను చూసేది. నేను చూసేది దాండేకర్‌ని. ఆ కుర్రాడు లేచి అడగడానికి ఆ క్లాసులో వీలుంది. మీ క్లాసులో వీలుందా? మీరు పసుపు పచ్చగా మారిన నోట్సు డిక్టేట్ చేస్తుంటే, పిల్లలు తల వంచుకుని రాస్తుంటే, ఎవడు లేస్తాడు? డిక్టేషన్ మధ్యలో లేచి అడిగేది ఒకటే ప్రశ్న: "సార్, ఫుల్‌స్టాపా కామానా?"

ఇంకో సంగతి. మన పీజీ క్లాసుల్లోకి వచ్చేవాళ్ళలో సగానికి సగం మంది డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఉండే విభాగాలున్నాయి. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే కావచ్చు. ఆ అమ్మాయికి ప్రశ్న ఉంటుంది. ఇంగ్లీషులో పేర్చుకునేలోపు పీరియడ్ అయిపోతుంది. తెలుగులో అడగమనండి. మీరు తెలుగులో జవాబు చెప్పి, అదే మాట ఇంగ్లీషులో బోర్డు మీద రాయండి. దీనికి యూజీసీ అనుమతి అక్కర్లేదు. రేపు ఇదే అమ్మాయి మీ దగ్గర స్కాలర్‌గా చేరుతుంది. క్లాసులో రెండేళ్ళు నోరు విప్పనివ్వకుండా ఉంచి, పీహెచ్‌డీలో చేరగానే "నీకు ఒరిజినల్ థింకింగ్ లేదమ్మా" అంటే ఎలా? ఎక్కణ్ణుంచి వస్తుంది?

చరిత్ర ఒక్క నిమిషం. మన దేశంలో 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పెట్టినప్పుడు అవి పాఠాలు చెప్పే చోట్లు కావు, పరీక్షలు పెట్టే ఆఫీసులు. పాఠం కాలేజీల్లో, పరీక్ష యూనివర్సిటీలో. అదే శతాబ్దం మొదట్లో, 1810లో, బెర్లిన్‌లో మొదలైన పద్ధతి వేరు: పాఠం చెప్పేవాడూ పరిశోధన చేసేవాడూ ఒక్కడే కావాలి, విద్యార్థి పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకోవాలి. ఆ పద్ధతి మన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. వచ్చి పరీక్షల ఆఫీసు మీద అంటు కట్టుకుంది. అందుకే ఇవాళ్టికీ మనవాళ్ళకు పీహెచ్‌డీ అంటే ఒక పొడుగాటి పరీక్ష. ఫీజు కట్టాలి, హాజరు ఉండాలి, సబ్మిట్ చెయ్యాలి, రిజల్ట్ రావాలి. గైడ్ అంటే ఇన్విజిలేటర్. నా అభిప్రాయం ఇది, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

సరే, గైడ్ గురించి. మొదటి రోజు స్కాలర్ వస్తాడు. "టాపిక్ ఏంటి నాయనా?" అంటారు మీరు. "మీరే ఇవ్వండి సార్" అంటాడు. ఇక్కడే సగం మంది గైడ్లు జారిపోతారు. సొరుగులోంచి ఒక టాపిక్ తీసి ఇస్తారు. పాత టాపిక్‌లో జిల్లా పేరు మారుస్తారు. "కర్నూలు జిల్లాలో స్వయం సహాయక సంఘాలు" అయిపోయింది కదా, "నల్గొండ జిల్లాలో" రాసుకో. కర్నూలు, నల్గొండ వాళ్ళు కోపం తెచ్చుకోకండి, ఉదాహరణకు అన్నాను.

మళ్ళీ రావు గారి దగ్గరికే వెళ్తాను, ఆయన్ని గైడ్‌గా చూద్దాం. 1950ల చివర్లో, 60ల మొదట్లో కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కుర్రాళ్ళ గుంపు ఉండేది: వరదరాజన్, రంగారావు, పార్థసారథి, వరదన్. చివరివాడైన ఎస్.ఆర్.ఎస్. వరదన్ అక్కడికి వచ్చింది ఫ్యాక్టరీల్లో క్వాలిటీ కంట్రోల్ నేర్చుకుందామని. తోటివాళ్ళ సావాసంతో ప్రాబబిలిటీ సిద్ధాంతంలోకి మళ్ళాడు. అది రావు గారి సొంత పొలం కాదు. ఆయన పని వేరే. అయినా ఆ కుర్రాణ్ణి "నా టాపిక్ చెయ్యి" అనలేదు. వాళ్ళలో వాళ్ళు ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటుంటే చెప్పుకోనిచ్చాడు. వరదన్ థీసిస్ పూర్తయ్యాక దాన్ని పరీక్షించడానికి ఎవరిని కూర్చోబెట్టారో తెలుసా? ఆండ్రీ కొల్మొగొరోవ్‌ని. ఆధునిక ప్రాబబిలిటీకి పునాది వేసిన మనిషిని. వరదన్‌కు 2007లో గణితంలో పెద్ద బహుమతి, ఆబెల్ బహుమతి వచ్చింది.

ఇందులో గైడ్ చేసిందేంటి? రెండు పనులు. అడ్డు రాకపోవడం ఒకటి. పరీక్షకు అందరికన్నా కఠినమైనవాణ్ణి పిలవడం రెండోది. మనం ఏం చేస్తున్నాం? టాపిక్ దగ్గర అడ్డు పడతాం, పరీక్షకు మాత్రం మన బ్యాచ్‌మేట్‌ని పిలుస్తాం. రూల్ ప్రకారం బయటి ఎగ్జామినర్లు కనీసం ఇద్దరుండాలి, వీలైతే ఒకరు విదేశాల నుంచి. ప్యానెల్ తయారుచేసి పంపేది మీరు. అందులో పేర్లు రాసేటప్పుడు "వీడు తొందరగా రిపోర్టు పంపిస్తాడు" అని కాక, "వీడు చదువుతాడు" అని రాయండి. మళ్ళీ అదే మాట. చదువుతాడు.

ఇప్పుడు అసలు పనికి వస్తున్నాను. నిద్రపోయినవాళ్ళు లేవచ్చు.

గైడ్ రోజువారీ పని స్కాలర్ రాసింది చదవడం. మిగతావన్నీ, ఆరు నెలలకోసారి ఆర్ఏసీ (స్కాలర్ పని చూసే సలహా కమిటీ) మీటింగ్, కోర్స్‌వర్కులో కనీసం 12 క్రెడిట్లు, ప్రోగ్రెస్ రిపోర్టు, ప్రీ-సబ్మిషన్ టాక్, వైవా అనే నోటి పరీక్ష, వాటి తారీఖులు వాటికుంటాయి, ఆఫీసు గుర్తుచేస్తుంది. చదవమని మాత్రం ఎవరూ గుర్తుచెయ్యరు. అందుకే దానికి వారంలో ఒక గంట కట్టేసి పెట్టుకోండి. బుధవారం నాలుగింటికి అంటే నాలుగింటికే. స్కాలర్ ముందు రోజు సాయంత్రానికి రెండు పేజీలు పంపాలి. యాభై పేజీలు కాదమ్మా, రెండు. యాభై పేజీలు పంపితే మీరు చదవరు, ఆ సంగతి మీకూ తెలుసు, వాడికీ తెలుసు. రెండు పేజీలైతే చదవకుండా తప్పించుకునే సాకు దొరకదు.

ఏం చదవాలి? స్పెల్లింగులా? అవి చివర్లో చూడొచ్చు. ప్రతి వాక్యం దగ్గర రెండు ప్రశ్నలు: ఇది నీకెలా తెలుసు? ఇది ఇక్కడెందుకుంది? అంతే. నేను సోషల్ సైన్సెస్ వాళ్ళ థీసిస్‌లు చాలా చూశాను, ఎందుకంటే టేబుళ్ళు చూడమని అందరూ నా దగ్గరికే పంపేవాళ్ళు. మెథడాలజీ అధ్యాయంలో "200 మందిని ఎంపిక చేశాం" అని ఉంటుంది. "200 ఎందుకమ్మా?" అంటాను. మౌనం. మళ్ళీ అడుగుతాను. "మా సీనియర్ 200 తీసుకున్నారు సార్." సీనియర్‌ని అడిగితే ఆయన సీనియర్ 200 తీసుకుని ఉంటాడు. తర్వాత చూస్తే ఎంపిక రాండమ్ అని, అంటే అందరికీ సమాన అవకాశం ఉండేట్టు చీటీ తీసినట్టని, రాసి ఉంటుంది. "ఎలా తీశావు?" "ఊళ్ళోకి వెళ్ళి రాండమ్‌గా కనపడినవాళ్ళని అడిగాను సార్." కనపడినవాళ్ళు ఎవరు? రచ్చబండ దగ్గర కూర్చున్న మగవాళ్ళు. టాపిక్ ఏంటి? ఆడవాళ్ళ పొదుపు సంఘాలు!

ఆ తర్వాత ముప్పై ఆరు టేబుళ్ళు. ప్రతి టేబుల్ కింద కై-స్క్వేర్ అనే స్టాటిస్టిక్స్ పరీక్ష, కనపడిన ప్రతిదానికీ టి-టెస్టు అనే ఇంకోటి. టేబుల్ కింద ఒక పేరా: "పై పట్టిక నుంచి 43 శాతం మంది అవునన్నారు, 57 శాతం మంది కాదన్నారు అని తెలుస్తోంది." పట్టికలో ఉన్నదే మళ్ళీ వాక్యంగా రాయడం. అట్లా నలభై పేజీలు. దీన్ని గైడ్ ఒక్కసారి, ఒక్క బుధవారం, రెండు పేజీలు చదివి "సరే, అయితే ఏంటి?" అని అడిగి ఉంటే? ఆ పిల్ల నాలుగేళ్ళ శ్రమ వేరే దారిలో వెళ్ళేది. ఆ పిల్ల తెలివితక్కువది కాదు. ఆమెను ఎవరూ అడగలేదు, అంతే.

చదివితే వచ్చే ఇంకో లాభం ఇప్పుడు చెప్తాను, ఇది కొత్తకాలపు సంగతి. ప్లేజియరిజం, అంటే ఇతరుల రాతను కాపీ కొట్టడం మీద రెగ్యులేషన్స్ 2018లో వచ్చాయి. పోలిక 10 శాతం దాకా ఉంటే ఏమీ అనరు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలల్లోపు మార్చి మళ్ళీ ఇమ్మంటారు. 40 దాటి 60 దాకా అయితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. మనవాళ్ళు ఏం నేర్చుకున్నారు? శాతం తగ్గించడం నేర్చుకున్నారు. జిరాక్స్ షాపు పక్కనే "సిమిలారిటీ తగ్గించబడును" అని బోర్డు పెట్టిన ఊళ్ళున్నాయి. ఇప్పుడు ఆ షాపు కూడా అక్కర్లేదు, చాట్‌జీపీటీకి ఇస్తే అదే తిప్పి రాసి పెడుతుంది, ఇంకా అడిగితే అధ్యాయం మొత్తం రాసి పెడుతుంది. రిపోర్టులో 4 శాతం వస్తుంది. సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకుంటుందా? నమ్మకంగా పట్టుకోలేదు. ఎవరు పట్టుకోగలరు? రెండేళ్ళ పాటు వారం వారం ఆ మనిషి రాసిన రెండేసి పేజీలు చదివినవాడు పట్టుకోగలడు. వాడి వాక్యం ఎలా నడుస్తుందో, ఎక్కడ తడబడుతుందో మీకు తెలుసు. ఒక బుధవారం హఠాత్తుగా తడబాటు లేని పది పేజీలు వస్తే మీకు అర్థమైపోతుంది. అప్పుడు కోప్పడకండి. "ఈ పేరా నాకు నోటితో చెప్పు" అనండి. చెప్తే మంచిదే. చెప్పలేకపోతే వాడికే తెలుస్తుంది.

చాట్‌జీపీటీని అసలు వాడొద్దంటారా సార్ అని ఎవరో అడుగుతున్నారు. భాష సరిచేసుకోవడానికి వాడుకోనివ్వండి, వాడినట్టు చెప్పమనండి. తెలుగు మీడియం పిల్లలకు అది నిజంగా సాయమే, ఆ సాయం డబ్బున్నవాళ్ళకు ఎప్పటి నుంచో దొరుకుతోంది. ఆలోచన మాత్రం దాని చేత చేయించొద్దు.

ఇప్పుడు కొంచెం చేదు విషయం. అధికారం.

మీరు గమనించారో లేదో, స్కాలర్ బతుకు మీ సంతకాల మీద నడుస్తుంది. జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్పు వచ్చినవాడికి నెలకు 37,000, అది చేతికి రావాలంటే మీ సంతకం. హాస్టల్ పొడిగింపుకు మీ సంతకం. ఫీల్డుకు వెళ్ళాలంటే మీ సంతకం. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా, పొద్దున ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పి సాయంత్రం లైబ్రరీకి వచ్చేవాళ్ళు చాలామంది. ఇంత సంతకాల బలం చేతికి వస్తే మంచివాళ్ళకు కూడా చెయ్యి దురద పెడుతుంది. మొదట "నాయనా, ఈ కవర్ పోస్టులో వేసిరా" అంటాం. తర్వాత బ్యాంకు పని. తర్వాత కరెంటు బిల్లు. తర్వాత మన పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడం. ఎక్కడ ఆగాలో నన్నడిగితే, కవర్ దగ్గరే ఆగాలి. రెగ్యులేషన్‌లో స్కాలర్‌కి వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ట్యుటోరియల్, ల్యాబ్ పని అప్పగించవచ్చని ఉంది. అది వాళ్ళు పాఠం చెప్పడం నేర్చుకోవడానికి. మీ క్లాసులు వాళ్ళ నెత్తిన వేసి మీరు రియల్ ఎస్టేట్ చూసుకోవడానికి కాదు. ఎవరో నవ్వారు వెనకాల. నవ్వితే తెలుస్తుంది ఎవరికి ప్లాట్లున్నాయో.

వైవా రోజు సంగతి మీ అందరికీ తెలుసు. ఎగ్జామినర్‌కి కారు, గెస్ట్‌హౌస్, శాలువా, బొకే, డిపార్ట్‌మెంట్ మొత్తానికి భోజనం. బిల్లు ఎవరిది? అప్పటికి ఉద్యోగం లేని స్కాలర్‌ది. బంగారం తాకట్టు పెట్టి వైవా భోజనం పెట్టిన కుటుంబాలున్నాయి. ఏ రూల్లోనూ లేదిది. "మా దగ్గర ఆనవాయితీ" అంటారు. మీరు గైడ్ అయిన మొదటి వైవాకి టీ, బిస్కెట్లు మీ జేబులోంచి పెట్టండి. డిపార్ట్‌మెంట్‌లో నాలుగు రోజులు గొణుక్కుంటారు. తర్వాత అదే ఆనవాయితీ అవుతుంది.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. పీహెచ్‌డీకి గడువు ఆరేళ్ళు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళు. స్త్రీలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఆ పైన మరో రెండేళ్ళు, మొత్తం పదేళ్ళు మించకుండా. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల దాకా సెలవు. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాల్సి వస్తే తన రీసెర్చ్ డేటా తీసుకుని అక్కడి యూనివర్సిటీకి మారే వీలు. ఇవన్నీ రాతపూర్వకంగా ఉన్న హక్కులు. ఆ అమ్మాయి వచ్చి వణుకుతూ అడిగితే "మళ్ళీ సెలవా?" అని ముఖం చిట్లించకండి. ఇంకో మాట, తలుపు. మగ గైడ్లు వింటున్నారు కదా. స్కాలర్‌తో మాట్లాడేటప్పుడు మీ గది తలుపు తెరిచి ఉండాలి. ఇంటికి రమ్మనడాలు, రాత్రి పదకొండింటికి వాట్సాప్ మెసేజీలు ఉండకూడదు. దీని మీద నేను ఉపన్యాసం ఇవ్వను. ప్రతి యూనివర్సిటీలో ఇంటర్నల్ కంప్లయింట్స్ కమిటీ ఉంది, దాని సభ్యుల పేర్లు మొదటి రోజే స్కాలర్‌కి మీరే ఇవ్వండి.

పేపర్ల మీద పేర్ల సంగతి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు భీమవరం నుంచి హార్వర్డ్ వెళ్ళి సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ వాళ్ళు ఇవాళ్టికీ దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. అప్పటికి సుబ్బారావు గారికి పీహెచ్‌డీ లేదు, అది వచ్చింది 1930లో. అయినా పేపరు మీద ప్రొఫెసర్ పేరు పక్కనే ఆయన పేరుంది కాబట్టి, ఆ పద్ధతితో పాటు ఆ పేరు కూడా మిగిలింది. హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదన్నది వేరే కథ. పేపరు మీద పేరు మాత్రం ఎవరూ తియ్యలేకపోయారు. ఆ పేరు లేకపోతే మనకు ఏం తెలిసేది? మీరు పని చేసిన మేరకు మీ పేరు పెట్టుకోండి. స్కాలర్ పని చేస్తే అతని పేరే ముందు. మీ భార్య పేరు, బావమరిది పేరు పెట్టకండి. ఉన్నాయండీ అలాంటివి, నేను చూసి చెప్తున్నా.

పేపర్ల తొందర గురించి కూడా రెండు ముక్కలు. 2016 రూల్స్‌లో థీసిస్ ఇచ్చేముందు జర్నల్లో ఒక పేపరు తప్పనిసరి. 2022లో ఆ నిబంధన తీసేశారు. మంచి జర్నల్స్ పేర్లిచ్చే యూజీసీ-కేర్ జాబితా కూడా 2025లో ఆపేశారు. అంటే ఏ జర్నల్ మంచిదో జాబితా చూసి చెప్పే రోజులు పోయాయి. మీరు చదివి చెప్పాలి. డబ్బు కడితే నాలుగు రోజుల్లో అచ్చువేసే జర్నల్ ఎలాంటిదో తెలుసుకోవడానికి అందులో రెండు పేపర్లు చదివితే చాలు. చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాం.

ప్రశ్నలున్నాయా? చెప్పమ్మా. "మా డిపార్ట్‌మెంట్‌లో పర్మనెంట్ వాళ్ళం ఇద్దరమే ఉన్నాం సార్, మిగతా అంతా కాంట్రాక్ట్ వాళ్ళు, మాకు ఈ బుధవారాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?" న్యాయమైన ప్రశ్న. రూల్ ప్రకారం గైడ్ కావాలంటే పర్మనెంట్ అధ్యాపకులై ఉండాలి. పోస్టులు నింపరు, స్కాలర్ల నోటిఫికేషన్ మాత్రం వేస్తారు. పదేళ్ళుగా కాంట్రాక్టులో పాఠం చెప్తున్న మనిషి, మీకంటే బాగా చదివేవాడు, గైడ్ కాలేడు. ఇది మీరు గానీ నేను గానీ తీర్చే సమస్య కాదు. ప్రభుత్వాలు తీర్చాలి, అడుగుతూ ఉండాలి. మీ చేతిలో ఉన్నది ఒకటే. నలుగురు స్కాలర్లన్నది గరిష్ఠ సంఖ్య, అంతమందిని తీసుకుని తీరాలని కాదు. మీకు ఇద్దరివే చదవగల టైముంటే ఇద్దరినే తీసుకోండి. మూడోవాణ్ణి తీసుకోమని హెడ్ ఒత్తిడి చేస్తే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు.

ఆ వెనకాల సార్ ఏదో అంటున్నారు. "రెండేళ్ళయినా ఒక్క పేజీ రాయని స్కాలర్‌ని ఏం చెయ్యాలి?" ముందు ఎందుకు రాయట్లేదో అడగండి. ఇంట్లో ఇబ్బందా, టాపిక్ నచ్చలేదా, రాయడం రాదా. టాపిక్ అయితే ఆర్ఏసీలో పెట్టి మార్చండి. మీరే నచ్చలేదంటే గైడ్‌ని మార్చుకోవడానికి మీరే సాయం చెయ్యండి, అది అవమానమేమీ కాదు. రాయడం రాదంటే మీ ఎదురుగా కూర్చోబెట్టి ఒక పేరా తెలుగులో రాయించండి, ఇంగ్లీషు తర్వాత చూద్దాం. ఇవేవీ కాదు, అతనికి పీహెచ్‌డీ అక్కర్లేదు, హాస్టల్ గది కోసం, గ్రూప్స్ ప్రిపరేషన్ కోసం చేరాడు అని తేలితే, అది కూడా అతని నోటితో చెప్పించండి. గ్రూప్స్ రాసుకోమనండి. తిట్టి పంపకండి, ఈ దేశంలో చదువుకున్న కుర్రాడికి నాలుగేళ్ళు తలదాచుకునే చోటు ఇంకెక్కడుంది? ఆ సీటు ఖాళీ అయితే ఇంకొకరికి వస్తుంది.

టీ వచ్చిందని కోఆర్డినేటర్ గారు చెయ్యి ఊపుతున్నారు. మిగతా ప్రశ్నలు అక్కడ అడగండి. మీలో ఇప్పటికే స్కాలర్లున్నవాళ్ళు ఒక అధ్యాయం ప్రింటు తెచ్చుకోమని నిన్న మెసేజ్ పెట్టించాను, తెచ్చారు కదా? టీ తాగి అవి తీసుకుని రండి. నాలుగింటి నుంచి ఆరింటి దాకా మనం కలిసి చదవబోతున్నాం. పెన్సిళ్ళు నేను తెచ్చాను.